మిల్లాయన లేవలేని బంతి

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. నేను వంద అంటే మా ఆవిడ పాతిక అనుకుంటుంది. మా అత్తగారైతే అసలు వినదు. ఇదీ అలాగే చదవండి. నా కోపాన్ని మాత్రం తగ్గించుకోకండి, దాన్ని ఉన్నంతే చెప్తున్నాను.

మొన్న పెద్దనాయన సంవత్సరీకానికని నాగర్‌కర్నూల్‌లో బస్సు దిగితే ఎదురుగా ఫ్లెక్సీ. మూడంతస్తుల ఎత్తు. కింద మూలన పోస్టల్ స్టాంపంత పెద్దనాయన. మిగిలిన జాగా అంతా చేతులు జోడించుకున్న పత్తి జిన్నింగ్ మిల్లు యజమాని, అందరూ పిలిచే మిల్లాయన. 'మా ఆప్తమిత్రునికి అశ్రునివాళి' అట. వీడు ఆప్తుడైతే, మన్ననూర్ అడవిలో పులి కూడా మేకలకు ఆప్తురాలే.

పెద్దనాయనది టెంట్ హౌస్. ఆయన షామియానాలన్నీ ఒకేసారి పరిస్తే ఇటు వనపర్తిలో, అటు గద్వాలలో మధ్యాహ్నమే చీకటి పడేది. కుర్చీల వీపుల మీద తన పేరు కాకుండా ఇద్దరు కూతుళ్ల పేర్లు రాయించాడు. జిల్లాలో పెద్ద పెద్ద అధికారులంతా మా చెల్లెళ్ల పేర్లకే ఆనుకొని కూర్చున్నారు. పెండ్లికి ఒక గంట ఆలస్యంగా పోయేవాడేమో కాని, చావు జరిగిన ఇంటికి ఏడుపు కంటే ముందే చేరేవాడు. తానే టెంటు గుంజలు పాతేవాడు, కిరాయి మాటెత్తితే చెవులు వినపడనట్టు నటించేవాడు. పెద్దమ్మనూ ఇద్దరు పిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకోకుండా ఎక్కడా ముద్ద ముట్టేవాడు కాదు.

మా వైపు భోజనాల బంతికి ఒక పద్ధతి ఉంది. ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవరు, అయ్యాక అందరూ ఒక్కసారే లేస్తారు. తినేవాణ్ణి విస్తరి ముందు నుంచి లేపడం కంటే చెంప పగలగొట్టడం మర్యాద. మిల్లాయన తన కొత్త ఇంటి గృహప్రవేశంలో ఆ పని చేశాడు. పెద్దనాయన పప్పన్నం కలుపుకుంటుండగా వచ్చి నిలబడి అన్నాడు:

"టెంటోనివి, నువ్వు గీడ కూసున్నవేంది? పెద్దోల్లు వచ్చిన్రు. లే, ఆఖరు బంతిల తిందువు."

పెద్దనాయన లేచాడు. ఆయన వెంట పెద్దమ్మ లేచింది, పెద్ద చెల్లె లేచింది. చిన్న చెల్లె చేతిలో సగం కొరికిన పూర్ణం భక్షం, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గౌను వెనక దాచుకుంది. బంతి అంతా తల వంచుకొని తింటూనే ఉంది. పెద్దమ్మ మళ్లీ ఏ పండుగకూ భక్షాలు చేయలేదు.

రెండేళ్లకు మిల్లాయన తల్లి పోయింది. పెద్దనాయన గుంజలు ఆటోకెత్తుతుంటే పెద్దమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"సచ్చిపోయినామె మనల్ని లేపలే గద," అన్నాడాయన.

"మరి లేపినోని సంగతేంది?"

"చూస్త తియ్."

చూశాడు. దినాల నాడు మిల్లాయనకు సరిగ్గా ఎదురుగా పెండ్లాం పిల్లలతో కూర్చున్నాడు. మిల్లాయన గబగబా తిని ముగించాడు, అచ్చంపేటలో ఎవరో నాయకుడు ఎదురుచూస్తున్నాడు. పెద్దనాయన ఒక్కో మెతుకునూ పెండ్లిచూపులు చూసినట్టు చూసి నోట్లో పెట్టుకుంటున్నాడు.

"అన్నా, జర జల్ది తిను. అచ్చంపేటల నా కోసం చూస్తుండ్రు."

"తింటున్న గద సేటు. బంతిల మధ్యన లేస్తే మంచిగుండదు."

తినడం అయిపోయిన రిటైర్డు పంతులు మళ్లీ అన్నం వేయించుకున్నాడు. ఆయన పక్కాయన చారు అడిగాడు. అందరివీ ఎప్పుడో ఒకప్పుడు పెద్దనాయన గుంజ పాతిన ఇళ్లే. వంటవాళ్లు రెండోసారి పొయ్యి వెలిగించారు. మూడు గంటలు! మిల్లాయన వేళ్ల మీది పప్పు ఎండి పగుళ్లిచ్చింది. చిన్న చెల్లె నములుతూ కన్నార్పకుండా అతన్నే చూసింది.

ఇక కల్పించిందేదో చెప్పాలి. మూడు గంటలు కాదు, ఆ బంతి మొత్తం నా కల్పనే. ఆనాడు పెద్దనాయన గుంజలు పాతి, అందరికీ వడ్డించి, మిల్లాయనకు కూడా అడిగి అడిగి వడ్డించి, తినకుండా ఇంటికి వచ్చి పెద్దమ్మనూ పిల్లలనూ కూర్చోబెట్టుకొని తిన్నాడు. మిల్లాయన పది నిమిషాల్లో తిని కారెక్కాడు. లేపింది నిజం. భక్షం నిజం. గృహప్రవేశం నాడు తల వంచుకొని తిన్నవాళ్లలో మీసాలొచ్చిన నేనూ ఒకణ్ణి, అదీ నిజమే. పగ తీర్చుకోవడానికి పెద్దనాయనకు బతికినన్నాళ్లూ తీరిక దొరకలేదు, ఎవరో ఒకరి వాకిట్లో గుంజ పాతాల్సి ఉండేది. మిల్లాయన మాత్రం బతికే ఉన్నాడు, రోజూ ఈ పేపరు చదువుతాడట కూడా. చదువుకోనీ. వయసు నా దగ్గర చాలా తీసుకుపోయింది గాని, బోలెడంత తీరిక ఇచ్చింది.