సూది మొన దొరకని మధ్యాహ్నం

2023 నవంబరు. వెంకటాచలం దగ్గర హైవే పక్కనున్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఫ్యాషన్, రిటైల్ డిగ్రీ చదివే పిల్లలకు నేను కుట్టు ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. అంతకు ముందు పదకొండేళ్లు ఎగుమతి బట్టల ఫ్యాక్టరీలో పనిచేశాను. నాకు డిగ్రీ లేదు. ఆ సంగతి మా హెచ్.ఓ.డి. నన్ను మర్చిపోనివ్వడు. విదేశీ అతిథుల ముందు ఒకసారి నన్ను "మా టైలరమ్మ" అని పరిచయం చేశాడు. ఆ రోజు నేను కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తుంది.

ఆ సెమిస్టరులో మాకు 'లైవ్ ప్రాజెక్ట్' వచ్చింది. అంటే మార్కులు వేశాక బీరువాలో పడేసే నమూనాలు కాదు. డెన్మార్క్‌లో ఒక పిల్లల బట్టల షాపులో నిజంగా అమ్మే గౌన్లు, నలభై. అవి నచ్చితే మా నలుగురు విద్యార్థులు ఒక సెమిస్టరు ఆ షాపులోనే పనిచేస్తూ చదువుకోవచ్చు. ఆ నలుగురిలో మైపాడు నుంచి వచ్చే రేవతి ఒకతె. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకు వెళ్తాడు. ఆ ఇంట్లో పాస్‌పోర్టు చేయించుకున్న మొదటి మనిషి ఆ పిల్లే.

ఎగుమతి పనిలో 'బ్రోకెన్ నీడిల్ రిజిస్టర్' అని ఒకటి ఉంటుంది. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, కుట్టినవాళ్ల పేరు పక్కన టేపుతో అంటించాలి. అన్నీ దొరికేదాకా బట్ట కదలకూడదు. ఒక్క ముక్క కుట్టులో ఉండిపోయినా అది పసిబిడ్డ మెడలో దిగుతుంది. అందుకే బట్టలో దాగిన సూదిని పట్టే నీడిల్ డిటెక్టర్ కొనమని మూడుసార్లు కాగితం పెట్టాను. "ఇది ఫ్యాక్టరీ కాదు మేడం, యూనివర్సిటీ" అన్నాడు హెచ్.ఓ.డి. మూడింటి నకళ్లూ నా దగ్గరున్నాయి.

గౌన్లు పంపే రోజు సాయంత్రం ఐదింటికి కొరియర్ వ్యాను రావాలి. రెండున్నరకు పెట్టె కట్టేశారు. సంతకం పెట్టేముందు రిజిస్టరు తిరగేశాను. ఆ ఉదయమే రేవతి మిషన్‌లో సూది విరిగింది. మూడు ముక్కలూ వరసగా అంటించి ఉన్నాయి. అలవాటు కొద్దీ ఒక కొత్త సూదిని వాటి పక్కన పెట్టి చూశాను. ముక్కలన్నీ కలిపితే సూది కన్నా నువ్వుగింజంత పొడవు ఎక్కువ.

విరిగిన సూది పెరగదు.

"ఏందిమే ఇది?" అని రేవతిని పిలిచాను.

ఆ పిల్ల రిజిస్టరు వైపు చూడలేదు. "మొన దొరకలా మేడం. నా డబ్బాలో పాత సూది ఉంటే, దాని మొన ఇరిచి అంటించినా."

"అసలు మొన యాడుండాది?"

"తెలీదు మేడం. పొద్దున్నుంచీ ఎతుకుతానే ఉండా. అప్పుడు కాలర్లు కుడతా ఉన్నా. అన్నీ కలిసిపోయినాయి. సార్‌కి చెప్పబాకండి మేడం, నా సీటు పోతాది."

నేనే కత్తెర తీసుకుని పెట్టె టేపు కోశాను. ఒక్కో గౌనూ బల్ల మీద పరిచి, కాలరు మీద గుండుసూదులు ఏరే అయస్కాంతం తిప్పి, తర్వాత ఇద్దరం వేళ్లతో కుట్టంతా తడిమాం. కాలరు మడతలో దారం ముడి తగిలినా మళ్లీ అయస్కాంతం తిప్పేవాళ్లం. ముప్ఫై గౌన్లు చూశాం, లేదు. నలభై పూర్తయ్యాయి, లేదు. దొరకలేదంటే ధైర్యం రాదు, భయం ఇంకా పెరుగుతుంది. మా వేళ్లు దాన్ని దాటిపోయాయేమో!

నాలుగున్నరకు హెచ్.ఓ.డి. వచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న రిజిస్టరు చూశాడు. "మళ్లీ మొదలెట్టారా? ఆ పేజీ చింపేయండి. బయటికి తెలిస్తే నలుగురి సీట్లూ పోతాయి."

"మొన దొరికేదాకా పెట్టె కదలదు సార్."

"మీ మీద రిపోర్టు రాస్తాను."

"రాయండి. నా మూడు కాగితాలు కూడా జత చేయండి."

అతను విసవిసా వెళ్లిపోయాడు. గేటు దగ్గర వ్యాను హారన్ వినిపించింది. నాకు కోపం ఆగలేదు. "ఇరిగినప్పుడే ఎందుకు చెప్పలా?" అని రేవతి మీద అరిచాను.

నేల మీద మోకాళ్లపై కూర్చుని అయస్కాంతం తిప్పుతున్న ఆ పిల్ల తలెత్తకుండానే అంది: "అప్పుడు మీరు నా ఎనకాలే నిలబడి ఉండారు మేడం. మొదటి సంవత్సరంలో నేను లేటుగా వచ్చినానే, అదే చెప్తా ఉండారు. ఇది కూడా రాసుకుంటారని భయమేసింది. మీరు ఏదీ మర్చిపోరు గదా."

మైపాడు బస్సు రాక అరగంట ఆలస్యమైన రోజు అది. మూడేళ్లుగా దాన్ని నేను అప్పజెబుతూనే ఉన్నాను. కుర్చీలో కూలబడ్డాను.

అప్పుడు అయస్కాంతం నా చెప్పు వైపు లాగింది.

"మేడం, కాలెత్తండి."

రబ్బరు చెప్పు అడుగున, మడమ దగ్గర, మొన దిగబడి ఉంది. ఉదయం నుంచి దాన్ని తొక్కుకుంటూ ల్యాబంతా తిరిగింది నేనే. తీసి మిగతా ముక్కల పక్కన పెట్టాం. కొత్త సూదితో సరిగ్గా సరిపోయింది. రేవతి నేల మీదే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

జరిగింది జరిగినట్టు ఆ పేజీలో రాశాను: దొంగ మొన సంగతీ, నా చెప్పు సంగతీ. దాని నకలు పెట్టెలో పెట్టించి, పెట్టెను ఆ వ్యానులోనే పంపాను. రెండు వారాలు జవాబు రాలేదు. ఆ రెండు వారాలూ రేవతి నాతో మాట్లాడలేదు. చివరికి షాపువాళ్లు రాశారు, నలుగురినీ పంపమని.

టైలరమ్మ అన్న మాట నేనింకా మర్చిపోలేదు. డిటెక్టర్ కోసం నాలుగో కాగితం కూడా పెట్టాను. కానీ ఇప్పుడు ల్యాబ్‌లో సూది విరిగితే పిల్లలు వెంటనే చెయ్యెత్తుతారు. నేను నోరు మూసుకుని దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చుంటాను. ముందు నా రెండు కాళ్లూ ఎత్తి చూపిస్తాను.