ఒక్క మనిషికి ఆంప్లిఫైయరు

ఉద్యోగం వచ్చింది! ఇందాకే మెయిలు వచ్చింది. మళ్లీ మళ్లీ చదివాను, నా పేరే ఉంది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, ఆ డిగ్రీకి వచ్చిన మొదటి ఉద్యోగమూ ఇదే. పుస్తకాలు చదివించి రికార్డు చేసి అమ్మే కంపెనీ. ఆ రికార్డింగులు విని తప్పులు పట్టడం నా పని. చదివేవాళ్ల ఊపిరి, కుర్చీ కిర్రుమనడం, వెనక ఎక్కడో ఫ్యాను తిరగడం, అన్నీ వెతికి గుర్తుపెట్టాలి. ఇంత సంతోషంలోనూ పోయిన వారం తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. అదేదో చెప్పేస్తే గానీ నాకు తేలికపడదు.

కంపెనీవాళ్లు పరీక్షగా కొన్ని రికార్డింగులు పంపి, సోమవారం సాయంత్రానికి తప్పులన్నీ రాసి పంపమన్నారు. అదే సోమవారం మా మామకూ జవాబు చెప్పాలి. బొమ్మసంద్రలో ఆయన పనిచేసే ఫ్యాక్టరీ స్టోరులో నాకొక ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. ఈ పరీక్ష పోతే ఇక ఆ స్టోరే. వచ్చే నట్లూ పోయే బోల్టులూ రాసుకుంటూ కూర్చోవాలి. చెడ్డ పనేం కాదు. నాకే వద్దు.

కాలేజీలో నాకు సీనియరు అక్క ఒకామె స్టూడియోలో పనిచేస్తుంది. పరీక్ష అయ్యేదాకా వాడుకోమని తన హెడ్‌ఫోన్లు ఇచ్చింది. లాప్‌టాప్‌కు పెట్టి సౌండు మొత్తం పెంచినా, గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టే ఉంది. ఫోనుకు పెట్టినా అంతే. అక్కకు చెబితే నవ్వింది.

"దాని మీద 250 ఓమ్ అని ఉంది చూడు. లాప్‌టాప్ బలం దానికి చాలదు. తగిన ఆంప్లిఫైయర్ ఒకటి చూసుకో."

ఆ మాట నేను ఇంట్లో అనకుండా ఉండాల్సింది. మా నాయనకు బళేపేటలో మైకుసెట్లు అద్దెకిచ్చే అంగడి ఉంది.

"ఎంతమంది జనం?" అన్నాడు, అన్నం కలుపుతూనే.

ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది అదే. నామకరణమా, గణేశుడి పందిరా, ఎన్నికల సభా అన్నది తర్వాత. జనం ఎంతో చెబితే, ఏ ఆంప్లిఫైయరు దించాలో ఆయనకు తెలిసిపోతుంది.

"నేనొక్కదాన్నే నాయనా."

"ఒంటి మనిషికి ఆంప్లిఫైయరు యాల పాపా? పక్కన కూసోని సెప్తే సాల్దా?"

అమ్మకు నవ్వు ఆగలేదు. నాకు మాత్రం రాలేదు.

మర్నాడు ఆటోలో ఒక పెట్టె తెచ్చి నా చదువుకునే బల్ల మీద పెట్టాడు. పుస్తకాలన్నీ మంచం మీదికి చేరాయి.

"ఇది శానా సిన్నది. గృహప్రవేశాలకు ఇచ్చేది."

స్పీకరు వైర్లు బిగించే చోట ఏదో పిన్ను కలిపి, నేను వద్దు వద్దంటున్నా అక్క హెడ్‌ఫోన్లు తగిలించి స్విచ్చి వేశాడు. డబ్ మని చెవిలో కొట్టినట్టయింది. ఆ తర్వాత గుయ్ మంటూ ఆగని ఒకటే మోత. అరువు తెచ్చిన వస్తువు కాలిపోయిందేమో! తీసి లాప్‌టాప్‌కు పెట్టి చూశాను. బతికే ఉంది.

"ఏంది నాయనా ఆ గుయ్యి?"

"అన్నింట్లోనూ ఉండేదే అది. జనం వచ్చినాక ఇనపడదు."

"జనం రారు నాయనా! ఎవరూ రారు!"

"మాట్లాడేటప్పుడు ఇనపడతాదా? ఇనపడదు కదా. ఇంకేం?"

మాటకూ మాటకూ మధ్య ఏముందో వినడమే నా పరీక్ష అని ఎంత చెప్పినా ఆయన తలకెక్కలేదు. ఆయన బతుకంతా ఆ మధ్య చప్పుడు జనానికి వినపడకుండా చేయడంతోనే గడిచింది. పోనీ ఇంటర్నెట్‌లో చదువుదామంటే అది ఇంకా ఘోరం. ఒకాయన ఈ ఆంప్లిఫైయరు శబ్దం వెచ్చగా ఉందంటాడు, ఇంకొకాయన అదే శబ్దం చల్లగా ఉందంటాడు. శబ్దమా, సాంబారా?

శుక్రవారం ఎలక్ట్రానిక్స్ అంగళ్ల సందుకు వెళ్లాను. రావద్దన్నా నాయన వెంట వచ్చాడు.

"ఏమప్పా, మైకుసెట్టు ఓనరే మా అంగడికి వచ్చినాడే!" అని అంగడాయన పకపకా నవ్వి, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదొకటి చేతిలో పెట్టాడు. "తీసుకోమ్మా, బేస్ సక్కత్తుగా ఉండాది, శానా బాగుంటాది."

నమ్మి తెచ్చుకున్నాను. ఇంట్లో సౌండు పెంచితే చదివేవాళ్ల గొంతు చిట్లిపోయింది. రికార్డింగులో తప్పేదో, ఆంప్లిఫైయరులో తప్పేదో తెలియడం లేదు. శనివారం మళ్లీ పరిగెత్తాను, వెనకే నాయన.

"అది మొబైలు ఇయర్‌ఫోన్లకమ్మా. ఇంత పెద్దవాటికి చాలదు."

"నిన్న చెప్పొచ్చు కదా?"

"నువ్వు హెడ్‌ఫోన్లు చూపించలేదు కదమ్మా."

నిజమే. నాయన హడావుడిలో నేను హెడ్‌ఫోన్లు ఇంట్లోనే వదిలి వెళ్లాను. ఈసారి వాటినీ లాప్‌టాప్‌నూ వెంట తెచ్చాను. 250 ఓమ్ హెడ్‌ఫోన్లకు ఎంత బలం ఇస్తుందో అట్ట మీద రాసి ఉన్నవే చూపించమన్నాను. ఒక్కోదాన్నీ తగిలించి, ఏమీ ప్లే చేయకుండా, సౌండు పెంచి వింటూ కూర్చున్నాను.

"పాట పెట్టప్పా పాపకు," అన్నాడు నాయన.

"వద్దు. ఊరికే ఉండు నాయనా."

"ఏమన్నా ఇనపడతా ఉండాదా?"

"ఏమీ వినపడడం లేదు."

"అయితే సెడిపోయి ఉండాది. ఇంకొకటి ఇయ్యప్పా."

"ఇదే కావాలి!"

"ఏమీ ఇనపడకుండా ఉండేదానికి ఆంప్లిఫైయరా? సూడప్పా మా పాప యాపారం!"

అంగడాయన కూడా నాయన పక్కే చేరి నవ్వాడు. అప్పుడు పరీక్ష రికార్డింగు పెట్టాను. చదివే ఆవిడ గొంతు నిండుగా, ఎక్కడా చిట్లకుండా వచ్చింది. ఆమె ఊపిరి తీసుకున్న చోట, ఎంతో వెనక, ఎవరింట్లోనో కుక్కరు కూసింది. వారమంతా వింటున్నా ఆ కూత నాకు వినపడలేదు. అదే కొన్నాను.

సోమవారం సాయంత్రం తప్పుల జాబితా పంపి, మామను బతిమాలి ఇంకో రెండు రోజులు గడువు అడిగాను. విసుక్కుంటూ సరేనన్నాడు. ఇవాళ ఈ మెయిలు. నాయన అప్పుడే అంగట్లో మైకుసెట్టు అద్దెకు అడగడానికొచ్చిన వాళ్లందరికీ చెబుతున్నాడు, మా పాపకు జీతమిచ్చి ఇనమంటా ఉండారు అని. ఆ పని ఏమిటో ఆయనకు ఇప్పటికీ అర్థం కాలేదు. చెప్పే ఓపిక నాకూ లేదు, ఫోన్లు చేయాలి.

ఇంకా మిగిలినవాళ్లు:

బొమ్మసంద్ర మామ. ముందు తిట్లు, తర్వాత సంతోషం.

హెడ్‌ఫోన్ల అక్క. ఎప్పుడు తిరిగి ఇవ్వాలో కూడా అడగాలి.

మా కాలేజీ కామర్స్ మేడమ్.

నాతో పాటు ఇదే పరీక్ష రాసిన స్నేహితురాలు. ఆమెకు మెయిలు వచ్చిందో లేదో తెలియదు, అందుకే ఇందాకటి నుంచి వాయిదా వేస్తున్నాను.

కె.ఆర్.పురం పిన్ని. ఆమెకు చెబితే మిగతా చుట్టాలందరికీ చెప్పినట్టే.