కుజుడి మట్టిలో మెంతులు

ఉమాశ్రీకి కోపమెక్కువని ఆమెతో పనిచేసినవాళ్లంతా అంటారు. మాట నిజమే. బియ్యంలో రాళ్లున్నా, ఆటోవాడు దారి మళ్లించినా ఊరుకునే మనిషి, పిల్లలకు ఎవరైనా తెలియనిదాన్ని తెలిసినట్టు చెబితే మాత్రం నిప్పు తొక్కినట్టు లేచేది.

రామచంద్రపురంలో పుట్టి, వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, కరెంటాఫీసులో పనిచేసే యజ్ఞనారాయణను పెళ్లాడి హైదరాబాదు వచ్చిందామె. మొదట బాచుపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పింది. అక్కడ బోటనీ అంటే నాలుగు జవాబుల్లో ఒకదాని మీద టిక్కు పెట్టడం. ఒకనాడు పత్రరంధ్రాల పాఠం చెబుతూ పిల్లల్ని గోడ పక్కనున్న కానుగచెట్టు కిందికి తీసుకెళ్లి, తలా ఒక ఆకు చేతిలో పెట్టింది. సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచి, పిల్లల టైము చెట్ల కింద పారబోస్తారా అని కేకలేశాడు. ఆకును చూడకుండా డాక్టరయ్యేవాడు రేపు రోగిని చూడకుండానే మందు రాస్తాడని ఆమె అక్కడే అనేసింది. ఆ కాలేజీలో ఆమెకు అదే ఆఖరి సంవత్సరం.

తర్వాత కొండాపూర్‌లో ఒక పెద్ద స్కూల్లో చేరింది. గేటు మీద ‘ప్రతి బిడ్డా ఒక శాస్త్రవేత్తే’ అని రాసి ఉండేది. ఆ మాట నమ్మింది.

తొమ్మిదో తరగతిలో రసజ్ఞ అని ఒక పిల్ల ఉండేది. ఎక్కువ మాట్లాడదు, అడిగితే మాత్రం సూటిగా అడుగుతుంది. ఒకరోజు మొక్కలు ఆహారం తయారుచేసుకునే పాఠం మధ్యలో లేచి, “టీచర్, వేరే గ్రహాల మీద మొక్కలుంటాయా?” అంది.

“తెలియదమ్మా. ఇప్పటిదాకా ఎవరికీ కనపడలేదు.”

“మనమే తీసుకెళ్లి మార్స్ మీద నాటితే?”

“అదీ తెలియదు. కానీ అందులో ఒక చిన్న ముక్కను ఇక్కడే పరీక్షించి చూడొచ్చు.”

పక్క బెంచీలో సాయిచంద్ అప్పటికే లేచి నిలబడ్డాడు. వాళ్ల బాబాయిది వికారాబాద్ వైపు రాళ్ల క్రషర్. నల్లరాతి పొడి ఎంత కావాలన్నా తెస్తానన్నాడు.

కుజుడి నేల కూడా అలాంటి నల్లరాయి అరిగి ఏర్పడిందేనని ఉమాశ్రీ పిల్లలకు వివరించింది. అక్కడి మట్టిలో మొక్కకు పడని లవణాలున్నాయి. అవి విషం, బళ్లోకి తేకూడదు కనుక వాటికి బదులు మామూలు ఉప్పు కలుపుదామంది. “అక్కడి చలి, ఆ పల్చటి గాలి మనం తేలేం. మనం చూసేది మట్టి సంగతి ఒక్కటే. అంతకు మించి ఒక్క ముక్క ఎక్కడా అనకూడదు” అని గట్టిగా చెప్పింది. ఒక ట్రేలో తోటమట్టి, ఇంకోదాంట్లో ఉప్పు కలిపిన రాతిపొడి నింపి, రెండింట్లోనూ మెంతులు చల్లారు.

తోటమట్టిలో మెంతి గుబురుగా లేచింది. రాతిపొడిలో ఆలస్యంగా, అక్కడో మొలక ఇక్కడో మొలక తలెత్తాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. ఇల్లలకగానే పండగ కాదర్రా, ఆగండి అంది ఉమాశ్రీ. అన్నట్టే ఆకుల అంచులు మాడి, కాడలు వాలిపోయాయి.

“ఫెయిలయ్యాం టీచర్” అన్నాడు సాయిచంద్, మొహం వేలాడేసి.

“మొక్క చచ్చిపోయింది. మీరు ఫెయిలవలేదు. ఎందుకు చచ్చిపోయిందో ఆలోచించండి.”

రసజ్ఞ ఆలోచించింది. మర్నాడు ట్రేలో పోయగా మిగిలిన ఉప్పుమట్టిని బక్కెట్లో వేసి, నీళ్లు పోసి, తేటను వంపేసి, మళ్లీ పోసి, మళ్లీ వంపేసి, బియ్యం కడిగినట్టు కడిగింది. దాన్ని ఇంకో ట్రేలో పోసి చల్లిన మెంతులు సన్నగా, పాలిపోయి లేచాయి కానీ బతికాయి. అందరూ సంతోషపడుతుంటే ఆ పిల్ల మాత్రం ట్రే పక్కనే నిలబడి, “కానీ టీచర్, అక్కడ కడగడానికి ఇన్ని నీళ్లెక్కడివి?” అంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఉమాశ్రీ ఆ మాట భర్తకు ఎంత మురిపెంగా చెప్పిందో. యజ్ఞనారాయణ మజ్జిగన్నం కలుపుకుంటూ, “కుజుడంటే పెళ్లిళ్లు చెడగొట్టే గ్రహమనుకున్నాను. మెంతికూర కూడా చెడగొడతాడా” అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇన్నేళ్ల మేష్టరీలో అలాంటి ప్రశ్న ఒక పిల్ల నోట విన్నానంది ఆమె, ఇక చాలంది.

ఆ నెలలోనే స్కూలు సైన్సు ప్రదర్శన వచ్చింది. హైటెక్ సిటీలో పెద్ద హాలు తీసుకున్నారు. ముఖ్య అతిథి, గదుల్లో మొక్కలు పెంచే దీపాలు తయారుచేసే కంపెనీ యజమాని. తొమ్మిదో తరగతి స్టాలుకు ట్రేలు, చార్టులు ముందురోజే పంపించి, ఉమాశ్రీ పొద్దున్నే హాలుకు వెళ్లింది.

స్టాలు చూసి, ముందు తను వేరే చోటికి వచ్చానేమో అనుకుంది. ఊదారంగు దీపాల కింద, ఎర్రమట్టి పోసిన తెల్లటి తొట్లలో, లెట్యూస్ ఆకులు నిగనిగలాడుతున్నాయి. వెనక గోడంత ఫ్లెక్సీ: ‘మార్స్ మీద తొలి తోట, మా విద్యార్థుల విజయం’. పిల్లల ట్రేలు లేవు. రసజ్ఞ చేత్తో గీసిన చార్టు లేదు. పిల్లలు ఒక మూల బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు. రసజ్ఞ చేతిలో ఎవరో ఇచ్చిన కాగితం ఉంది.

“టీచర్, మార్స్ మట్టిలో మేం లెట్యూస్ పండించామని చెప్పమన్నారు. చెప్పమంటారా?” అంది ఆ పిల్ల.

ఉమాశ్రీకి ఒళ్లు భగ్గుమంది. పదమూడేళ్ల పిల్ల, అబద్ధం చెప్పనా అని టీచర్ని అనుమతి అడుగుతోంది. ఎవరు తెచ్చారు ఈ గతి?

తెచ్చినవాడు ఎదురుగానే ఉన్నాడు. స్కూల్ డైరెక్టర్ చైతన్య, చెవికి ఫోను ఆనించుకుని ఫ్లెక్సీ సర్దిస్తున్నాడు.

“ఈ మట్టి ఎక్కడిదండి?” అని అడిగింది.

“నర్సరీది మేడమ్. కలర్ మ్యాచ్ అవ్వాలి కదా.”

“మొక్కలు?”

“అవీ నర్సరీవే. రాత్రి తెప్పించాం.”

“అంటే నర్సరీ మట్టిలో నర్సరీ మొక్కల్ని పెట్టి, పిల్లలు కుజుడి మట్టిలో పండించారని చెబుతారన్నమాట.”

“మేడమ్, ప్లీజ్. లైట్లు చీఫ్ గెస్ట్ కంపెనీ పంపించింది. ఆయన్ని ఎండిపోయిన మెంతికూర ముందు నిలబెట్టి ఫొటో తియ్యమంటారా? పేరెంట్స్ చచ్చిన మొక్కల్ని చూడ్డానికి రారు. మనం పిల్లల్ని ఇన్‌స్పైర్ చెయ్యాలి.”

“అబద్ధంతోనా అండి?”

“ఎవరికి నష్టం మేడమ్?” అని అతను మళ్లీ ఫోనెత్తాడు.

ట్రేలు ఏమయ్యాయని అడిగితే ఎవరూ చెప్పలేదు. చివరికి హాలు ఊడ్చడానికి స్కూల్ నుంచి వచ్చిన ఆయా రేణుక పక్కకు పిలిచింది. “పారెయ్యమన్నరు మేడం. పిల్లలు వచ్చి సూస్తే పరేషాన్ అయితరని జనరేటర్ రూమెన్క పెట్టిన. చార్టు గూడ ఆడనే ఉన్నది” అంది.

ఉమాశ్రీ, పిల్లలు, రేణుక కలిసి ట్రేలు మోసుకొచ్చి, ఆ నిగనిగలాడే తొట్ల ముందు నేలమీద వరసగా పెట్టారు. అంతలో అతిథి రానే వచ్చాడు. చుట్టూ తల్లిదండ్రులు, కెమెరాలు. చైతన్య రసజ్ఞ భుజం తట్టి, “చెప్పమ్మా” అన్నాడు. పిల్ల చేతిలోని కాగితం కేసి, టీచర్ కేసి చూసింది. ఆ బరువు ఆ పిల్ల మీద పడనివ్వకూడదని ఉమాశ్రీ ముందుకొచ్చింది.

“ఈ ఆకుకూర పిల్లలు పెంచింది కాదండి. రాత్రి నర్సరీ నుంచి తెచ్చారు. పిల్లలు పెంచినవి ఇవిగో, కిందున్నాయి. ఒకటి బతికింది, ఒకటి చచ్చిపోయింది, ఒకటి కష్టం మీద బతికింది. వేరే గ్రహం మీద మొక్క బతుకుతుందా అంటే మాకింకా తెలియదు. తెలియదని చెప్పడానికే ఈ పిల్లలు వారాల తరబడి కష్టపడ్డారు. ఆ కష్టాన్ని చెత్తలో పారేయించారు.”

అతిథి ఒక్క క్షణం తడబడి, “గుడ్, గుడ్, హానెస్టీ ఈజ్ ఇంపార్టెంట్” అని నవ్వి, చచ్చిన మెంతిమొక్కల మీదుగా కాలు చాపి దాటి, లెట్యూస్ పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఆయన తన మీద అరిచినా అంత మండేది కాదు ఉమాశ్రీకి.

ఒక తల్లి, స్కూల్ పరువు పిల్లల ముందే తీస్తారా అని ఆమెను నిలదీసింది. ఇంకొందరు గబగబా పక్క స్టాలుకు వెళ్లిపోయారు. సాయిచంద్ తాతగారు కామేశ్వరరావు మాత్రం మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేలమీద కూర్చుని, “ఇదెందుకు పోయిందమ్మా?” అని రసజ్ఞను అడిగాడు. ఆ పిల్ల కాగితం మడిచి పక్కన పడేసి, ఆయన పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఒకరిద్దరు వెనక్కి వచ్చి విన్నారు. అంతే.

సోమవారం చైతన్య ఆమెను గదికి పిలిచి, అతిథికి, తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పాలన్నాడు.

“నేను చెప్పినదాంట్లో అబద్ధమేదో చూపించండి, చెబుతాను.”

“మీ టోన్ గురించి మేడమ్.”

“నా గొంతు సంగతి నాకొదిలెయ్యండి. ఆ పిల్ల చేతికి కాగితం ఇచ్చినందుకు ముందు ఆ పిల్లకు మీరు క్షమాపణ చెప్పండి. అప్పుడు నా గొంతు గురించి మాట్లాడుకుందాం.”

అతను చెప్పలేదు, ఆమె చెప్పలేదు. ఉద్యోగం పోయింది.

స్కూల్ వెబ్‌సైటులో లెట్యూస్ ఫొటో అలాగే ఎక్కింది, అదే ఫ్లెక్సీ మాటలతో. పక్కన నిలబడ్డ రసజ్ఞ కూడా అందులో పడింది. రసజ్ఞ వాళ్లమ్మ ఫోన్ చేసి, మా అమ్మాయి ఉన్న ఫొటో తీసెయ్యండి అని గొడవపెట్టింది. వాళ్లు రసజ్ఞ మొహం మాత్రం కత్తిరించి, తోటను అలాగే ఉంచారు.

ఇప్పుడు ఉమాశ్రీ నానక్‌రామ్‌గూడలో టవర్ల వెనక సందులో ఒక చిన్న స్కూల్లో పాఠం చెబుతోంది. సెక్యూరిటీ గార్డుల పిల్లలు, డ్రైవర్ల పిల్లలు. షేర్ ఆటోలో వెళ్లివస్తుంది. అక్కడ కూడా ట్రేలు పెట్టింది. ఈమధ్య చైతన్య ఫోన్ చేశాడు.

“మేడమ్, ఈ ఏడాది మార్స్ ప్రాజెక్ట్ రియల్‌గానే చేద్దామనుకుంటున్నాం. మీరు గైడ్ చెయ్యాలి.”

“ఆ ఫొటో తీసేశారా అండి?”

“అది పాత పోస్ట్ మేడమ్. ఇప్పుడెవరు చూస్తారు?”

“నేను రోజూ చూస్తున్నానండి. తీసేసి, అది అబద్ధమని రాసి, అప్పుడు చెయ్యండి” అని ఫోన్ పెట్టేసింది. లోపల క్లాసులో వాచ్‌మన్ పోచయ్య కూతురు ట్రే మీద వంగి, “టీచర్, ఇది సావలే, జర పచ్చగున్నది. ఇగ ఏం జెయ్యాలె?” అని పిలుస్తోంది. ఉమాశ్రీ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లింది.