ఇరవైన్నర ఇల్లు

ఆ బొగ్గు ముక్కతో పోయినవి లెక్కేస్తే ఇవీ: పెద్దబాపు గోడకు జానెడు సున్నం, పంచాయతీ వాళ్ల రంగు, గౌరక్కతో ఎనిమిది నెలల మాటలు.

నిన్న మా వాకిట్లో ఇంటి నంబరు రాస్తుంటే, రంగు వాసనకు గుర్తొచ్చింది.

తాత ఇంటిని బాపు, ఆయన అన్న పెద్దబాపు పంచుకున్నంక పంచాయతీ లెక్కలు రాసే కారోబార్ వచ్చి వాళ్ల గోడకు 41/1, మా గోడకు 41/2 అని రాసిండు. నాకప్పుడే బడిలో భాగహారం వచ్చింది. వాళ్లది నిండు నలభై ఒకటి, మాది ఇరవైన్నర!

పెద్దబాపు బిడ్డ గౌరక్క నవ్వింది. "ఏమే, సగమింటి పిల్లా!"

ఎవరూ లేనప్పుడు బొగ్గుతో వాళ్ల చివరి ఒకటిని నాలుగు చేసిన. ఇప్పుడు వాళ్లది పదింబావు.

మర్నాడు కారోబార్ గోడ చూసి లొల్లి పెట్టిండు, సున్నం గీకి మళ్లీ రంగుతో రాసిండు. పెద్దబాపు గౌరక్కను పట్టుకున్నడు. "గోడలకు బొగ్గు గీసేది నువ్వే గదనే!"

రెండు దెబ్బలు పడ్డయి. గౌరక్క నా గోళ్ల సందున బొగ్గు మసిని చూసింది కానీ చెప్పలే. నేనూ చెప్పలే. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆమె నాతో మాట్లాడలే.

ఆ గీత భాగహారం కాదనీ, ఒక జాగలో ఎన్నో ఇల్లో చెప్పే గుర్తనీ తర్వాత తెలిసింది. గౌరక్క ముందు మాత్రం ఆ తప్పు నాదని ఇవాళ్టికీ ఒప్పుకోలే. నా బాకీ: రెండు దెబ్బలు.