తప్పు సీసా

పందొమ్మిది వందల యాభైల నడుమ ఆదోని పొలిమేరలో చిన్న కాగితం కార్ఖానా ఉండేది. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర తెగిన నూలు, ఆదోని జిన్నింగు మిల్లుల్లో మిగిలిన చెత్తపత్తి అక్కడికి బండ్లలో వచ్చేవి. వాటిని కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించి గుజ్జు చేసేవారు. ఆ గుజ్జును ఆడకూలీలు తొట్టిలో దిగి, కాళ్లతో తొక్కి కడగాలి. తొట్టి నీళ్లలో ఒళ్లు కాల్చే కాస్టిక్ ఎంత మిగిలిందో పరీక్షించి, దిగవచ్చో లేదో చెప్పడం నా పని.

నీళ్లు కొంచెం గాజు గిన్నెలో తీసుకుని రంగుమందు వేస్తే గులాబీ రంగు వస్తుంది. పైనుంచి పల్చన చేసిన ఆమ్లం చుక్కచుక్కగా వదలాలి. కొంచెం ఆమ్లానికే రంగు పోతే కాస్టిక్ తక్కువన్నమాట. ఆ పొద్దున రంగు ఇట్టే పోయింది. "దిగండి" అని కిటికీలోంచి కేకేశాను.

ఆమ్లం సీసాకు బిరడా పెడుతుంటే చుక్క ఒకటి వేలిమీద పడి చురుక్కుమంది. రోజూ అలా మండదు. సీసా తిప్పి చీటీ చూశాను. అది పల్చన చేసిన ఆమ్లం కాదు, ఇంకా నీళ్లు కలపాల్సిన ఘాటు ఆమ్లం. దానితో చూస్తే ఎంత కాస్టిక్ ఉన్నా తక్కువే అనిపిస్తుంది.

తొట్టి దగ్గరికి పరుగెత్తాను.

"ఎక్కండి! బయటికి రాండి!"

ముగ్గురు ఇంకా గట్టుమీదే చీరలు ఎగదోపుకుంటున్నారు. అందరిలో పెద్దామె మాత్రం మోకాళ్ల లోతున నిలబడి ఉంది.

"ఏమైందప్పా? సబ్బునీళ్ల మాదిరి జారతాండాయి, అంతే గదా" అంది నవ్వుతూ.

కాస్టిక్‌కు కరిగి జారుతున్నది ఆమె చర్మమేనని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. చెయ్యి పట్టి బయటికి లాగి, బిందెల కొద్దీ మంచినీళ్లు కాళ్లమీద గుమ్మరించాను. ఒకామె శనగనూనె తెచ్చింది. "నూనె వద్దు, నీళ్లే పొయ్యండి!" అని అరిచాను. అప్పటికి మంట మొదలైంది. ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది.

"యేసయ్యా! కాళ్లు పోతాయా అప్పా? పనికి యాడ పోవల్ల నేను?"

"కాళ్లు పోవక్కా" అన్నాను. అది నిజమో కాదో నాకే తెలియదు.

వెంటనే నీళ్లు పోయడం వల్ల పైచర్మమే పోయిందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. మరునాడు ఆమె ఇంటికి వెళ్లాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను.

"సీసామీద రాసి లేదా?" అని అడిగింది.

"రాసుండాది. నేనే సూడలేదక్కా."

ఆమె నన్ను కూర్చోమని అనలేదు.

నెల తర్వాత పనికి వచ్చి తొట్టి దగ్గర ఆగింది. దిగవచ్చని చెప్పినా కదల్లేదు.

"ముందు నువ్వు సెయ్యి పెట్టప్పా" అంది.

రెండుసార్లు పరీక్షించిన నీళ్లే. చొక్కా మడిచి, చెయ్యి మోచేతి దాకా ముంచాను.