గంగమ్మ మీద ఒట్టు

డ్రిల్లు మాస్టారిని కదా అని, రామయ్యపట్నం కబడ్డీ పోటీలకు నన్ను బరంపురం నుంచి అంపైరుగా పిలిచారు. ఆఖరి కూతలో గొడవొచ్చింది. కూతకు వచ్చినవాడు తన వేలు తగిలిందన్నాడు. ఆ ఊరి జాలరి కుర్రాడు సముద్రం వైపు చెయ్యి చాపి, "గంగమ్మ తల్లి మీద ఒట్టు, నన్ను ముట్టుకోనేదు" అన్నాడు.

ఆ మాటతో అవతలి జట్టు కూడా ఊరుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆటలో ఒట్లేమిటి? ఎవరో సెల్లులో తీసిన వీడియో తెప్పించి, నెమ్మదిగా తిప్పి అందరికీ చూపించాను. వేలు మోకాలికి తగిలింది. అవుటిచ్చాను.

జనంలోంచి ఆ కుర్రాడి తల్లి ముందుకొచ్చింది. పాయింటు సంగతి ఆమె ఎత్తనేలేదు.

"మాస్టారూ, అది సెరిపీండి. తెల్లారితే ఆడు ఏటకెల్లాల. అమ్మోరు సూసిందో నేదో గానీ, మీరు సూపించీసినారు."

వెంటనే చెరిపించాను. రాత్రికి అక్కడే ఉండిపోయాను. మర్నాడు పొద్దున్న మొదటి బస్సు వెళ్ళిపోయింది, రెండోదీ వెళ్ళిపోయింది. ఆ కుర్రాడి పడవ ఒడ్డు చేరేదాకా నేను ఇసకలో కూర్చున్న ఆ తల్లి పక్కనుంచి లేవలేకపోయాను.