అడిగిన వాళ్ళకో కారణం

అప్పన్న గారిని ఏదైనా అడగొచ్చు గానీ, ఆ ఓటు ఎందుకు వేశారని మాత్రం అడగకూడదు. చెప్పరని కాదు. అడిగిన ప్రతి మనిషికీ చెప్తారు. ఒకరికి చెప్పిన కారణం ఇంకొకరికి చెప్పరు, అక్కడే వచ్చింది తంటా అంతా.

ఓటంటే దేశాన్ని ఏలే ఓటేమీ కాదు. సింగపూర్‌లో ఉన్న మన బంధు మండలి అధ్యక్ష పదవికి వేసిన ఓటు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం బెంగపెట్టుకున్న రోజులవి. ఆ బెంగ పుణ్యమా అని మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్నారు. మండలి మాత్రం తాతల నాడు ఓడల్లో వచ్చిన శ్రీకాకుళం, విశాఖ వైపు కుటుంబాలది. అధ్యక్ష పదవి వాళ్ళ ఇళ్ళల్లోనే ఈ వీధి నుంచి ఆ వీధికి తిరిగేది.

ఆ ఏడు సెరంగూన్‌లో కిరాణా దుకాణం ఉన్న కృష్ణప్రసాద్ గారికి పోటీగా, చోవా చూ కాంగ్‌లో ఉండే తారాదేవి నిలబడింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నిన్నగాక మొన్న వచ్చిన మనిషి. చేతులెత్తించి లెక్కపెట్టారు. ఒక్క చెయ్యి తేడాతో తారాదేవి నెగ్గింది. ఆ ఒక్క చెయ్యీ పాతవాళ్ళ వరసలో, సాక్షాత్తూ కృష్ణప్రసాద్ గారి వెనక కుర్చీలో కూర్చున్న అప్పన్న గారిది!

మరుసటి ఆదివారం తారాదేవి పట్టుచీర కట్టుకుని ప్రమాణస్వీకారం చేసింది. కొత్తవాళ్ళు చప్పట్లు కొట్టారు. పాతవాళ్ళు చేతులు కట్టుకుని అప్పన్న గారి వంక చూశారు.

ఆ రోజు మొదలైంది విచారణ.

పక్కింటి విష్ణు అడిగితే అప్పన్న గారు, "ఆ పిల్ల రెండు ముక్కల్లో ఉపన్యాసం ముగించేస్తాది బాబూ. కృష్ణప్రసాద్ మైకు పట్టుకున్నాడంటే నా బీపీ మాత్ర టైము దాటిపోతాది" అన్నారు.

పై అంతస్తు త్రివేణి లిఫ్టులో నిలదీసింది. "మీటింగులు ఆవిడింట్లో పెడతారు కదమ్మా, బెడోక్ నుంచి అంత దూరం ఏసీ రైల్లో కునుకు తీస్తాను" అన్నారు.

మనవరాలు రుచిత మూతి ముడిచి, సింగపూర్ యాసలో, "తాతా, రాంగ్ సైడ్ లా!" అంది.

"ఇన్నేళ్ళూ ఒక్క సైడే సూసి మెడ నొప్పెట్టిందే!" అన్నారు.

కొత్తవాళ్ళ తరఫున నవనీత్ అనే కుర్రాడు ఎంతో ఆశగా వచ్చి, "మేడం చెప్పిన వెబ్‌సైట్ ప్లాన్ నచ్చి వేశారా అంకుల్?" అని అడిగాడు.

"అదేటి బాబూ? ఆవిడ జడ నచ్చింది. మా సెల్లి జడ అలాగే ఉండేది."

ఇవన్నీ తారాదేవి చెవిన పడ్డాయి. పాపం, ఆవిడ మనసు చివుక్కుమంది. పిల్లలకు తెలుగు బడి పెడతానంది, కొత్తగా దిగినవాళ్ళకు ఇళ్ళు చూసిపెడతానంది, గొంతు పోయేలా ప్రచారం చేసింది. తీరా నెగ్గించినాయన జడ చూసి వేశాడా? తట్టుకోలేక బెడోక్‌లో అప్పన్న గారింటికి వెళ్ళి ఆయన్నే అడిగేసింది.

"అంకుల్, నిజం చెప్పండి. నాకెందుకు వేశారు?"

"గుమ్మం కాడ అందరి సెప్పులూ వరసగా సర్దుతావు కదమ్మా, అది సూసి ఏసినాను."

"నేనెప్పుడూ సర్దలేదండీ!"

అప్పన్న గారు గడ్డం గోక్కున్నారు. "అయితే అది ఇంకెవరో. ఏసేసినాను కదా, ఇప్పుడేటి సేస్తాం?"

ఆయన భార్య కుమారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంతలో ఉగాది దగ్గరపడింది. మండలి ఉగాది అంటే హోటల్ భోజనం కాదు. అప్పన్న గారి బ్లాకు కింద ఖాళీ జాగాలో పాత కుటుంబాల ఆడవాళ్ళందరూ కలిసి వండాలి, అందరూ కలిసి బంతి భోజనం చెయ్యాలి. వంట గుండిగలన్నీ కృష్ణప్రసాద్ గారి దుకాణంలో ఉంటాయి, తాళంచెవి ఆయన భార్య అరుంధతి బొడ్డున ఉంటుంది. అరుంధతి కబురు పంపింది: "కొత్తవాళ్ళు క్యాటరింగ్ చెప్పుకుంటారు కదా, మా పండగ మేం వేరే చేసుకుంటాం."

తారాదేవికి ముద్ద దిగలేదు. ఇన్నేళ్ళ మండలి తను కుర్చీ ఎక్కిన నెలలోనే రెండు ముక్కలైపోతోంది. రేపు ఎవరు చెప్పుకున్నా ఆవిడ పేరే చెప్పుకుంటారు. దండం పెట్టి తప్పుకుందామని నిశ్చయించుకుంది కూడా.

అప్పుడు తలుపు చప్పుడైంది. తీస్తే అరుంధతి! చేతిలో గుండిగల గది తాళంచెవి.

"నా బొబ్బట్టు లేకపోతే అది ఉగాదే కాదన్నావటగా?"

"నేనా?"

"ఆ మాట అన్నావనే అప్పన్న మావయ్య నీకు ఓటేశాడట. ఇవాళే చెప్పాడు. మా ఆయన ఇన్నేళ్ళుగా తింటున్నాడు, ఒక్కనాడూ బాగుందన్న పాపాన పోలేదు. పిండి ఎంత కలపమంటావో చెప్పు."

తారాదేవి ఆ బొబ్బట్టు మొహం ఎరగదు. నోరు తెరిచి, బుద్ధి తెచ్చుకుని మూసేసింది.

సాయంత్రం కృష్ణప్రసాద్ గారే ఫోన్ చేశారు. గొంతులో బింకం అలాగే ఉంది. "పంచాంగం నేను చదివితేనే వినబుద్ధవుతుందన్నారట. అప్పన్న మావయ్య చెప్పాడు, అందుకే మీకు వేశాడట. సరే, మీరంతగా అంటుంటే చదువుతాను."

ఆ తర్వాత పందిరి వేసేవాళ్ళు వచ్చారు, పాటలు పాడేవాళ్ళు వచ్చారు. అందరినీ ఆవిడ ఎంతో మెచ్చుకుందట! ఎన్నికల్లో చేసిన వాగ్దానాలు ఒక్కరికీ గుర్తులేవు గానీ, చెయ్యని వాగ్దానాలన్నీ చకచకా అమలైపోతున్నాయి. అప్పన్న గారు పాతవాళ్ళ కోసం కారణాలు ప్రత్యేకంగా వండి పెట్టారని తారాదేవికి అప్పుడు తెలిసింది.

ఉగాదినాడు బ్లాకు కింద పండగే పండగ. కొత్త కుర్రాళ్ళు మామిడికాయలు తరుగుతుంటే పాత ఆడవాళ్ళు వంకలు పెడుతున్నారు. కుమారమ్మ పక్కన కూర్చుని బెల్లం కొడుతూ తారాదేవి అంది, "అంకుల్‌కి నా మీద అంత నమ్మకం ఎలా కలిగిందో ఆంటీ!"

కుమారమ్మ ఇక ఆపుకోలేకపోయింది. "నమ్మకమేటి నా తల్లీ! ఆ రోజు ఎనకాల టీ తెచ్చినాయన, కోసోంగ్ ఎవరికీ, అనడిగాడు. అదే, పంచదార లేని టీ. ఈయనకి సుగరు కదా, సెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే ముందు సెక్రటరీ నీకెత్తిన సేతులు లెక్కెడతన్నాడు. కృష్ణప్రసాద్ బాబు వంతొచ్చేసరికి ఈయన కాలే గ్లాసు రెండు సేతుల్తో పట్టుకుని ఊదుకుంటన్నాడు!"

తారాదేవి గబుక్కున లేచింది. బెల్లం చేతుల్తోనే వెళ్ళి, మొదటి బంతిలో ఆకు ముందు కూర్చున్న అప్పన్న గారి ఎదుట నిలబడింది.

"అంకుల్, అది కోసోంగా?"

ఆయన భార్య వంక కొరకొరా చూశారు. తర్వాత తల దించుకున్నారు. "అవునమ్మా."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదండీ!"

"సెప్దామనే లేచినాను. నువ్వప్పటికే తణుకులో మీ యమ్మకి ఫోన్ సేసి, గెలిచానే అమ్మా అని ఏడస్తన్నావు. ఆ ఏడుపు మజ్జిలో దూరి టీ సంగతి ఏటి సెప్పమంటావు? తరవాత మావోళ్ళు నీ మీద అలిగినారు. తప్పు నాది, మాటలు నీకా? అందుకే నోటికొచ్చిన కారణం సెప్పుకుంటా పోయాను."

తారాదేవికి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఈ పెద్దాయన మీద పట్టరానంత ప్రేమ వచ్చింది.

"అయితే ఈ పదవి నాది కాదు. దిగిపోతానంకుల్."

అప్పన్న గారు హడలిపోయారు. "అలమాక్! ఓలమ్మో, అంత పని సెయ్యకమ్మా. మల్లీ ఎన్నిక పెడతారు, మల్లీ ఎవరికేశావని అడుగుతారు. నా కాడ కారణాలన్నీ అయిపోనాయి!" కాస్త ఆగి, గొంతు తగ్గించారు. "నిజంగా ఏసినట్టు కావాలంటే ఇప్పుడడుగు. టీ ఏదీ లేదిక్కడ."

"నాకు ఓటేస్తారా అంకుల్?"

అప్పన్న గారు బంతి మొత్తానికి కనబడేట్టు చెయ్యి నిటారుగా ఎత్తారు.

అటుగా పళ్ళెంతో వస్తున్న అరుంధతి అది చూసి, "మావయ్య అడిగి పెట్టించుకుంటున్నాడర్రా!" అని మురిసిపోయి, ఆయన ఆకులో బొబ్బట్టు వేసి పైన నెయ్యి పోసింది. వంటల దగ్గర నుంచి కుమారమ్మ, "సుగరు మనిషికి పెట్టకే!" అని కేక వేసింది. "దించెయ్యండి అంకుల్" అంది తారాదేవి నవ్వాపుకోలేక.

ఆయన దించలేదు. అరుంధతి ఇంకొకటి వేసింది.